మొహమాటం లేని క్లచ్

మా కోయంబత్తూరులో మాకు తెలుగు ఇంటి భాష, తమిళం షెడ్డు భాష. నలభై ఏళ్లుగా బండ్లు విప్పుతున్నా, స్పానరు చేతిలో ఉండగా నేను తెలుగు మాట్లాడింది బహు తక్కువ. పోయిన ఏడు ఒక రోజు మాట్లాడవలసి వచ్చింది.

మా మేనల్లుడు ఒక పాత స్పోర్ట్స్ కారు బేరం చేశాడు. రెండే సీట్లు, లాగేవి ముందు చక్రాలు. జి.డి. నాయుడుగారు 1920లో పొళ్లాచ్చికీ పళనికీ మధ్య ఒక్క బస్సు తిప్పిన నాటి నుంచీ మావాళ్లకు యంత్రాల పిచ్చి ఉన్నదే. 2003లో ఊరి బయట కరి మోటార్ స్పీడ్‌వే వచ్చాక కుర్రవాళ్లకు అది రేసుల పిచ్చి అయింది. వాడు నాలుగేళ్లు కూడబెట్టిన జీతం అది.

అమ్మే పెద్దమనిషి మన తెలుగువారే. కొడుకు విదేశం వెళ్లిపోతూ వదిలిన బండి. నా మొదటి షెడ్డుకు అడ్వాన్సు లేకుండా చోటిప్పించింది ఆయనే.

హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, నాలుగో గేరు వేసి, కొంచెం యాక్సిలరేటరు ఇస్తూ క్లచ్ వదిలాను. క్లచ్ బాగుంటే ఇంజను ఠక్కున ఆగిపోవాలి. ఇది కాసేపు నీళ్లు నమిలి ఆగింది. రోడ్డు మీద నాలుగో గేరులో ఒక్కసారి తొక్కితే ఇంజను అరుపు పెరిగింది, వేగం పెరగలేదు. కాలిన వాసన కూడా వచ్చింది.

వెంటనే తీర్పు చెప్పకూడదు. పెడలు కింద కాస్త వదులు ఉండాలి. కేబులు మరీ బిగిసి ఉంటే మంచి ప్లేటైనా జారుతుంది. చూస్తే వదులు లేదు. సరిచేసి మళ్లీ తోలాను. మళ్లీ జారింది. అంటే ప్లేటే అరిగింది.

బండి నిలిపి, న్యూట్రల్‌లో పెడలు తొక్కితే గరగర, వదిలితే నిశ్శబ్దం. అది రిలీజ్ బేరింగు. పెడలు వదిలినప్పుడు మోగి, తొక్కితే ఆగే చప్పుడైతే గేర్‌బాక్సు లోపలి బేరింగును అనుమానించాలి. ఆ బాధ లేదు. ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా చుట్టు తిరిగితే ముందు చక్రం దగ్గర టిక్ టిక్‌మంది. వంగి చూస్తే రబ్బరు బూటు చిరిగి గ్రీజు చక్రమంతా చిమ్మి ఉంది.

పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, షెడ్డు పిల్లలకు తెలియకుండా తెలుగులో అన్నారు: "మీరూ మేమూ వేరా? అబ్బాయి ముచ్చట పడుతుండాడు. చూసీ చూడనట్టు పోనీండి."

'మనవాళ్లు' అన్న మాట మీదే ఈ ఊళ్లో మా పెళ్లిళ్లు, ఇళ్లు, ఉద్యోగాలు నడిచాయి. నా షెడ్డూ దాని మీదే నిలిచింది. కాని ఎదుట నిలబడ్డ మేనల్లుడూ మనవాడే గదా!

"ఏం మామా, బాగుండాదా?" అన్నాడు వాడు.

ఆయన ముందే, తెలుగులోనే చెప్పాను. "ఇంజను బాగుంది నాయనా. క్లచ్ పోయింది. గేర్‌బాక్సు ఎలాగూ దింపాలి గనుక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ ఒకేసారి మార్చాలి. డ్రైవ్ షాఫ్టు జాయింటు కూడా వేయాలి. ఆ ఖర్చు ధరలో తగ్గిస్తే తీసుకో. లేకుంటే వద్దు."

పెద్దాయన తెప్పించిన కాఫీ ముట్టకుండా వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

నాలుగో రోజు ధర తగ్గించినట్టు కబురు వచ్చింది. గేర్‌బాక్సు దింపిన రోజు ఆయనే షెడ్డుకు వచ్చారు. ప్లేటు తీసి ఆయన చేతిలో పెట్టాను. పైపూత అరిగి రివెట్లు బయటపడ్డాయి. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మావాడు ఇంత చెడ తోలినాడా? నాకు చెప్పనే లేదే!"

"క్లచ్ మీద కాలు ఆనించి తోలితే ఇంతేనండీ" అన్నాను.

కాసేపు ఊరకున్నారు. తరువాత కాఫీ అడిగి తాగి వెళ్లారు.