చుక్క పడ్డచోట కాదు, పైన చూడండి

 

మాది ఎత్తిపోతల దగ్గర తండా. మేమిద్దరం అన్నదమ్ముల పిల్లలం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతూ, సెలవు రోజుల్లో మాచర్లలో ఒక ఫ్లెక్స్ షాపులో పనిచేస్తున్నాం.

ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతి కదా. ముందురోజు రాత్రి మా తండా ఫ్లెక్సే మిషన్ మీద ఉంది. సగం ప్రింటయ్యేసరికి మహారాజ్ తలపాగా మీద టప్పున నల్ల చుక్క. వెంటనే ఇంకోటి. ఓనర్ వచ్చి, "ఏం కెలికార్రా? దీని డబ్బులు మీ జీతంలో కట్" అన్నాడు.

మేము ముట్టుకోనే లేదు. అయినా నోటిదాకా "సారీ సార్" వచ్చేసింది. ఏది చెడినా ముందు మావంకే చూస్తారు, మాకూ అలవాటైపోయింది.

ఆరోజు మాత్రం ఆగి చూశాం. నాలుగు రంగుల్లో కారేది నలుపొక్కటే. ప్రింటు ఆపినా కారుతోంది. అంటే తప్పు ప్రింటులో లేదు, ఇంకు పైనుంచి దిగుతోంది. చంద్రవంక 70 అడుగుల పైనుంచి దూకేచోట పెరిగినోళ్లం, నీరు పల్లమెరుగని మాకొకరు చెప్పాలా? డ్రమ్ములో పైపు పెట్టి నీళ్లు లాగితే, డ్రమ్ములో మట్టం పైపు మూతికన్నా పైన ఉన్నంతసేపూ కారతానే ఉంటాయి. మా మిషన్లోనూ అంతే. చిన్న ట్యాంకులో ఇంకు మట్టం హెడ్ కన్నా కాస్త కిందుంటేనే ఇంకు హెడ్‌లో నిలబడుద్ది. ట్యాంకు నిండగానే పంపు ఆగేలా లోపల ఒక ఫ్లోట్ ఉంటది.

సెలవులో ఉన్న ఆపరేటర్ అన్నకు ఫోన్ చేశాం. "కరెంటు తీసేసి, గ్లౌజులు వేసుకుని చూడండి" అన్నాడు. చూస్తే ఫ్లోట్ చుట్టూ ఎండిన ఇంకు! అది ఇరుక్కుపోయింది, పంపు తోస్తానే ఉంది. ఎక్కువైన ఇంకు సిరంజితో లాగేసి, ఫ్లోట్‌ను సాల్వెంట్‌తో కడిగాం. హెడ్‌ను రుద్దకుండా, మెత్తటి గుడ్డతో అద్దాం. చుక్క ఆగింది.

ఓనర్ ఏమీ అనలేదు. తనే మళ్లీ ప్రింటు పెట్టాడు. జీతం కట్ కాలేదు.

పాడైన ఫ్లెక్స్ పారేయబుద్ధి కాలేదు. మహారాజ్ బొమ్మవరకు కత్తిరించి హాస్టల్ గదిలో పెట్టుకున్నాం, ఆ నల్ల చుక్కలతోనే.

తమ్ముళ్లూ, మీరూ ఎక్కడో ఒకచోట పనిచేస్తుంటారు. తప్పు మీదైతే ఒప్పుకోండి. కాకపోతే, సారీ అనేముందు ఒక్కసారి పైకి చూడండి.