షాద్‌నగరులో చలికాలపు ఇల్లు

హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్ళే దారిలో, సుమారు 50 కిలోమీటర్ల దూరాన షాద్‌నగర్ అనే ఊరున్నది. కాచిగూడలో రైలెక్కితే, పల్లీలు తిని పొట్టు దులుపుకునే లోపల వచ్చేసినట్టుంటుంది. పోయిన జనవరిలో, భోగికి రెండు రోజుల ముందు, నేనూ నా మేనకోడలూ ఆ రైలులోనే వెళ్ళాము. దానికి పదేళ్ళు. ఒళ్ళో ఒక సంచీ పెట్టుకుని, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఉర్దూలో "షాద్" అంటే సంతోషంగా ఉన్నవాడని అర్థం. నిజాముల కాలంలో హైదరాబాదు రాజ్యానికి రెండుసార్లు ప్రధానమంత్రిగా ఉన్న మహారాజా కిషన్ పర్షాద్ కవి కూడాను. ఆయన "షాద్" అన్న పేరుతో కవిత్వం రాసేవాడు. ఊరికి ఆ పేరే వచ్చిందంటారు. 2016 దాకా ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉన్నది. జిల్లా మారినా చలి మాత్రం మారలేదు.

మేము వెళ్ళింది మా అమ్మమ్మ ఇంటికి. ఆమెను మేమందరం అవ్వ అనే పిలుస్తాము. మా చెల్లెలు తన మూడు నెలల బిడ్డను తీసుకుని, మర్నాటి సాయంత్రం కర్నూలు నుంచి వస్తున్నది. కర్నూలులో ఇంత చలి ఉండదు. అవ్వ ఇల్లేమో పాతది. కిటికీ రెక్కలు సరిగా మూసుకోవు, తలుపు కింద పిల్లి దూరేటంత సందు. ఆ ఇంట్లో పసివాడు మూడు రాత్రులు ఎలా పడుకుంటాడా అని అందరికీ బెంగగానే ఉన్నది.

నా మేనకోడలు సంచీ విప్పింది. రంగు కాగితాల చుక్కలు, చిన్న చిన్న విద్యుద్దీపాల దండ, పల్చని గులాబి రంగు తెర బయటికి వచ్చాయి. మంచు కురిసే దేశంలోని ఇంటి బొమ్మ ఒకటి అది ఎక్కడో చూసింది. గోడలో మంట, కిటికీకి తెరలు, దీపాలు. అవ్వ ఇంటిని కూడా అట్లా తయారుచెయ్యాలని దాని పట్టుదల.

అవ్వ ఆ తెరను వేళ్ళ మధ్య నలిపి చూసి, "మంచిగున్నది బిడ్డా. దోమలకు పనికొస్తది," అన్నది.

పిల్ల ముఖం చిన్నబోయింది. అయినా దీపాల దండ మాత్రం దేవుడి గూటి చుట్టూ కట్టనిచ్చింది అవ్వ.

ఆ రాత్రి చలి ఎట్లాంటిదో చూశాము. షాద్‌నగర్ దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్నది. చలికాలంలో ఇక్కడి గాలిలో తేమ తక్కువ, ఆకాశంలో మబ్బు ఉండదు. పగలంతా ఎండకు కాగిన నేల, రాత్రి కాగానే ఆ వేడిని కంటికి కనపడని కిరణాల రూపంలో పైకి పంపేస్తుంది. మబ్బుంటే అది దుప్పటిలాగా అడ్డుపడి, కొంత వేడిని తిరిగి కిందికి పంపేది. మబ్బు లేదు కనక నేల చల్లబడిపోతుంది. ఈ ఊరి దగ్గరనే ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి స్థావరం ఉన్నది. అక్కడ పెద్ద పెద్ద పళ్ళాల వంటి ఆంటెన్నాలు ఆకాశం వేపు తిరిగి, ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకుంటూ ఉంటాయి. నేల నుంచి వెలువడే ఆ వేడిని కొలవగల పరికరాలు కొన్ని ఉపగ్రహాలలో ఉంటాయి. మా అవ్వ ఇంటి కప్పు నుంచి పోయిన వేడి కూడా వాటిలో దేనికన్నా తగిలే ఉంటుందని మేము నవ్వుకున్నాము, పళ్ళు కొరుకుతూనే.

పొద్దున లేచి కాలు కింద పెట్టేసరికి నా మేనకోడలు కెవ్వుమన్నది. ఇంట్లో పరిచినవి షాబాదు బండలు. ఈ ప్రాంతంలో చాలా పాత ఇళ్ళల్లో అవే ఉంటాయి. ఎండాకాలంలో వాటి మీద పడుకుంటే ప్రాణం లేచి వస్తుంది.

"బండ కాళ్ళను కరుస్తది. చాప మీద నడువు," అన్నది అవ్వ.

పక్కనే పరిచిన ఈతచాప మీదికి దూకింది పిల్ల. అక్కడ చలి లేదు. "చాప వెచ్చగా ఉన్నది మామా!" అన్నది. నిజానికి రాత్రంతా ఒకే గదిలో ఉన్న బండా, చాపా ఒకే చల్లదనంలో ఉంటాయి. కాని రాయి మన పాదంలోని వేడిని చప్పున లాగేసుకుంటుంది. చాప అల్లికలో గాలి చిక్కుకుని ఉన్నది. కదలని గాలి వేడిని తొందరగా పోనివ్వదు. కనక మనకు చలి వేసేది మన వేడి మన నుంచి పోతున్నప్పుడన్నమాట.

ఇది అర్థమయ్యాక పిల్ల సంచీ సంగతి మరిచిపోయింది. ఇల్లంతా తిరిగి, వేడి ఎటు నుంచి పోతున్నదో వెతకసాగింది. కిటికీ సందుల్లో గుడ్డపీలికలు కుక్కింది, కాని పైన ఉన్న చిన్న గవాక్షాన్ని మాత్రం అవ్వ ముయ్యనివ్వలేదు. పాత చీరను పొడుగ్గా చుట్టి తలుపు కింది సందుకు అడ్డం పెట్టింది. బండల మీద చాపలు, చాపల మీద బొంతలు పరిచాము. బొంత అంటే తెలుసు కదా? చిరిగిన చీరలను పొరలు పొరలుగా పేర్చి కుట్టినది. అవ్వ బొంతలో మా అమ్మ చిన్ననాటి పరికిణీ ముక్క ఒకటి ఉన్నది. దాన్ని పైకి కనపడేటట్టు పరిచింది పిల్ల.

తలుపుకు తెర ఏదని అడిగితే అవ్వ పెట్టె తెరిచి గొంగడి తీసింది.

నల్లని గొంగడి, అంచున తెల్ల చార. దక్కను గొర్రెల ఉన్ని సహజంగానే నలుపు. రంగు అద్దే పని లేదు. కురుమలు గొర్రెల ఉన్నిని కత్తిరించి, ఏకి, దారం వడికి, గుంట మగ్గం మీద నేస్తారు. దారం గట్టిపడేందుకు చింతగింజలను నానబెట్టి నూరి, ఉడికించి ఆ గంజి పట్టిస్తారు. ఉన్నిలో సహజమైన జిడ్డు ఉంటుంది కనక వానలో కప్పుకున్నా గొంగడి తొందరగా తడవదు. ఇప్పుడు మాంసం కోసం నెల్లూరు జాతి వంటి ఉన్ని లేని గొర్రెలను ఎక్కువగా పెంచుతున్నారు. నల్ల గొర్రెలు తగ్గాయి, నేసేవాళ్ళూ తగ్గారు. అవ్వ గొంగడికి దాదాపు నా వయస్సు ఉంటుంది. నా నెత్తిన వెంట్రుకలు రాలినంతగా దాని ఉన్ని రాలలేదు.

దాని బలం చూద్దామని మేము ఒక పరీక్ష చేశాము. రెండు చెంబుల్లో ఒకే బిందెలోని వేడినీళ్ళు పోశాము. ఒకదాన్ని గొంగడిలో చుట్టి, రెండోదాన్ని ఊరికే వదిలాము. అరగంట అయ్యాక చెయ్యి పెట్టి చూస్తే, ఊరికే ఉన్నవి గోరువెచ్చగా అయిపోయాయి, చుట్టినవి ఇంకా వేడిగా ఉన్నాయి. మీరూ చేసి చూడవచ్చు. గొంగడి దొరక్కపోతే శాలువా అయినా సరే. నీళ్ళు మాత్రం పెద్దవాళ్ళను పొయ్యమనండి.

మధ్యాహ్నం వాకిలి పని. పేడనీళ్ళతో సాన్పి చల్లి, గోడల అడుగున జాజు పూసి, గడపకు పసుపు రాశాము. ముగ్గు నా మేనకోడలు వేసింది. చుక్కలు సరిపోక ఒక మూల కాస్త వంకర పోయింది. మూడు నెలలవాడు తప్పుపట్టడులే అని వదిలేశాము. బంతిపూల దండ గుమ్మానికి కట్టేసరికి పొద్దు గుంకింది.

అప్పుడు మా చిన్నమామ ఎర్రగా రాజుకున్న బొగ్గుల కుంపటి తెచ్చి, బిడ్డ పడుకోబోయే గదిలో పెట్టి తలుపు మూశాడు. పాపం, మంచికే. అవ్వ చూసి, ఎన్నడూ లేనంత గట్టిగా అరిచింది. "బయట పెట్టు! గవాక్షం తెరువు!"

ఎందుకో నాకు తెలుసు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, అదే గదిలో, మూసిన తలుపుల మధ్య కుంపటి పెట్టుకుని నేనూ మా అన్నా పడుకున్నాము. నడిరాత్రి మా అన్న మూలుగు విని అవ్వ తలుపు తోసుకుని వచ్చి, ఇద్దరినీ రెక్కలు పట్టి అరుగు మీదికి ఈడ్చుకుపోయింది. తల పగిలిపోతున్నట్టు నొప్పి, వాంతులు, కాళ్ళు నిలవలేదు. గాలి సరిగా అందనప్పుడు బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కన్నా సుమారు 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. అది ఎక్కువైతే నిద్రపోతున్నవాడు నిద్రలోనే పోతాడు. ఆ బొమ్మలోని ఇంటి గోడలో మంటకు, పొగను పైకి పంపే గొట్టం ఉంటుంది. మా కుంపటికి అదేదీ?

చిన్నమామ ఏమీ మాట్లాడక కుంపటిని వాకిట్లోకి మోశాడు. తలుపులన్నీ తెరిచి పెట్టాము. రోజంతా మేము దాచుకున్న వెచ్చదనం కాస్తా పోయింది. అయినా అవ్వ చాలాసేపటి దాకా మళ్ళీ మూయనివ్వలేదు.

రైలు గంట ఆలస్యంగా వచ్చింది. అందరమూ వాకిట్లో కుంపటి చుట్టూ చేరి, సకినాలు కొరుకుతూ కూచున్నాము. ఆటో చప్పుడు వినగానే పిల్ల పరిగెత్తిపోయి దీపాల దండ వెలిగించింది. మా చెల్లెలు గడప దాటి, బొంత మీద కాళ్ళు చాపి, తలుపుకు వేలాడుతున్న గొంగడిని ముట్టుకుని చూసింది.

"ఇది బిడ్డకు కప్పితే గుచ్చుకుంటది కదా, అవ్వా!"

"బిడ్డకెవరు కప్పమన్నరు? వానికి నా చీర ఉన్నది," అన్నది అవ్వ. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీర తెచ్చి, నాలుగు మడతలు వేసి బిడ్డకు చుట్టింది. వాడు ఒకసారి తుమ్మి, దేవుడి గూటి దగ్గర మిణుకుమంటున్న దీపాల వంక చూస్తూ చూస్తూ నిద్రపోయాడు.

తెల్లవారి చూస్తే కోళ్ళు ముగ్గంతా తొక్కేసి ఉన్నాయి. నా మేనకోడలు గొణుక్కుంటూ మళ్ళీ పిండి గిన్నె తీసింది. ఈసారి ఆ మూల వంకర పోలేదు.