పాత వ్యానుకి కొత్త చెప్పులు

బండి కొనేటప్పుడు మనవాళ్ళు అడిగే ప్రశ్నల వరస అందరికీ తెలిసిందే. ముందు రంగు, తర్వాత మైలేజీ, ఆ తర్వాత రీసేల్ వాల్యూ, చివర్లో సన్‌రూఫ్. టైర్ల గురించి మాత్రం ఒక్కరూ అడగరు. "నాలుగున్నాయిగా, ఇంకేం కావాలి" అన్నట్టుంటుంది వ్యవహారం. కొత్త కారైతే ఇలా ఉన్నా నడిచిపోతుంది, ఎందుకంటే ఆ లెక్కలన్నీ కంపెనీ ఇంజనీర్లు ముందే చేసిపెట్టారు. అదే ముప్ఫై నలభై ఏళ్ళ క్యాంపర్ వ్యాను కొన్నారనుకోండి, ఆ లెక్క మళ్ళీ మనమే చేసుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత క్యాంపర్‌కి టైర్లు, చక్రాలు ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సింది సైజు కాదు, బ్రాండు కాదు, అందం అసలే కాదు. బరువు. మిగతావన్నీ దాని తర్వాతే.

సరే, అసలు కథకొస్తాను. నేనూ, మా రూమ్మేటూ కలిసి 1987 నాటి ఫోక్స్‌వాగన్ వానగన్ వెస్ట్‌ఫాలియా ఒకటి కొన్నాం. మూడేళ్ళకోసారి వీసా పొడిగించుకునే వాళ్ళకి నలభై ఏళ్ళకి దగ్గరపడ్డ వ్యాను ఎందుకంటే నా దగ్గర మంచి సమాధానం లేదు. కాలిఫోర్నియాలో ఉంటే ఆ జబ్బు ఎప్పుడో ఒకప్పుడు అంటుకుంటుంది, అంతే. చూడని వాళ్ళ కోసం చెప్తున్నా... డబ్బా లాంటి వ్యాను, పైకప్పు ఎత్తితే పైన ఒక పడక, కింద ఇంకో పడక, డ్రైవరు వెనక వైపు గోడకి పొయ్యి, సింకు, చిన్న ఫ్రిజ్జు. ఇంజను వెనకాల ఉంటుంది. జూన్‌లో అమ్మానాన్నా వస్తున్నారు. వాళ్ళని బార్‌స్టో, నీడిల్స్ మీదుగా గ్రాండ్ క్యానియన్ తీసుకెళ్ళాలని ప్లాను. ఆ ఎడారి దారిలో జూన్ ఎండంటే మన రెంటచింతల గుర్తొస్తుంది. అందుకే ఈ టైర్ల గోల నాకు సరదా వ్యవహారంలా అనిపించలేదు.

అమ్మినాయన "టైర్లు కొత్తవే, అరగనే లేదు" అన్నాడు. అరగలేదన్నది నిజమే, గాడులు లోతుగా ఉన్నాయి. కానీ టైరు పక్క గోడ మీద 'డాట్' అన్న అక్షరాల తర్వాత ఒక వరస ఉంటుంది, దాని చివరి నాలుగు అంకెలు ఆ టైరు జాతకం. మా వాటి మీద 2311 అని ఉంది. అంటే 2011వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. 2000 నుంచి ఈ నాలుగంకెల పద్ధతే. అంతకు ముందు మూడంకెలే ఉండేవి. అలా మూడంకెలు కనిపిస్తే ఇంకేం ఆలోచించకండి, అది మ్యూజియంలో ఉండాల్సిన సరుకు.

క్యాంపర్ల విషయంలో పెద్ద తిరకాసు ఇదే. ఇవి ఏడాదికి నాలుగైదు ట్రిప్పులు తిరుగుతాయి, మిగతా రోజులు ఎండలో నిలబడి ఉంటాయి. టైరు అరగదు కానీ రబ్బరు ముసలిదైపోతుంది. కార్ల కంపెనీలు కొన్ని ఆరేళ్ళకి మార్చమంటాయి. మిషెలిన్ లాంటి టైరు కంపెనీలు అయిదేళ్ళు దాటాక ఏటా చూపించుకోమని, పదేళ్ళు దాటితే ఎలా ఉన్నా తీసేయమని చెప్తాయి. 2013లో 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' హీరో పాల్ వాకర్ పోయిన ప్రమాదంలో అసలు కారణం విపరీతమైన వేగమే. కానీ ఆ పోర్షె కారు టైర్లకి తొమ్మిదేళ్ళని దర్యాప్తులో బయటపడింది. అంత ఖరీదైన కారుకే ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదంటే మన వ్యాను సంగతి ఎవరడుగుతారు! ఆ 2311 చూపించే మేం బేరం తగ్గించుకున్నాం.

ఇప్పుడు కొత్తవి కొనాలి. రూమ్మేటుగాడు అప్పటికే ఫోన్లో ఫొటోలు చూపిస్తున్నాడు. "మామా, పదహారు అంగుళాల మెర్సిడెస్ అలాయ్స్ వేద్దాం, లుక్కే మారిపోద్ది." టైర్ల షాపులో కుర్రాడేమో "ఈ సైజులో కారు టైర్లు ఉన్నాయి, చవక, మెత్తగా కూడా పోతుంది" అన్నాడు. నేను విజయవాడలో లారీలు తిప్పే మా బాబాయికి ఫోన్ చేశాను. ఆయన అడిగింది ఒకటే మాట. "లోడెంతరా?"

మేం రోజూ సర్వర్ల లోడు గురించి మీటింగుల మీద మీటింగులు పెట్టుకుంటాం గానీ, మా బండి లోడెంతో ఇద్దరికీ తెలీదు. హైవే మీద ట్రక్కులు ఆగే చోట కాటా ఉంటుంది. ఇరవై డాలర్లలోపే, ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అని విడివిడిగా చీటీ ఇస్తారు. నీళ్ళ టాంకు నింపి (అదే దాదాపు యాభై లీటర్లు, అంటే యాభై కిలోలు), గ్యాసు, సామాన్లు, అమ్మానాన్నల బదులు ఇద్దరు స్నేహితులని ఎక్కించి తూకం వేయించాం. ముందు 1,090 కిలోలు, వెనక 1,220.

వెనక ఒక్కో టైరు మీద సగటున 610 కిలోలన్నమాట. సగటు అన్నాను గమనించండి. వంటిల్లంతా ఒక పక్కే ఉంది కాబట్టి ఆ పక్క టైరు ఇంకాస్త ఎక్కువే మోస్తుంది. 650 అనుకుందాం.

ఇక టైరు ఎంత మోస్తుందో కూడా దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. సైజు పక్కన కనిపించే రెండు మూడంకెల నంబరే లోడ్ ఇండెక్స్. 91 అంటే 615 కిలోలు, 98 అంటే 750, 102 అంటే 850, 109 అంటే 1,030. షాపు కుర్రాడు చూపించిన 195/70ఆర్14 కారు టైరు మీద 91 ఉంది. 615 అంటే మన 610కి సరిపోయినట్టే కదా అనిపిస్తుంది. సరిపోదు. మామూలు కారు టైరుని వ్యానుకో, చిన్న ట్రక్కుకో వేస్తే దాని సామర్థ్యాన్ని 1.10తో భాగించాలని అమెరికాలో నిబంధన. కారు కన్నా వ్యాను ఎత్తు, ఊగడం ఎక్కువ, నిండా ఎక్కించడమూ ఎక్కువ కాబట్టి. అలా భాగిస్తే మిగిలేది 559. కావాల్సింది 650. ఆ చవక బేరం అక్కడితో ఆఖరు.

వానగన్‌కి అప్పట్లో వచ్చిన సైజు 185ఆర్14. చివర్లో 'సి' అని ఉంటే అది వాణిజ్య వాహనాల టైరు, పక్క గోడలు గట్టివి. దాని మీద సాధారణంగా 102/100 అని ఉంటుంది. మొదటిది ఒంటి చక్రానికి, రెండోది లారీల్లోలాగా జంట చక్రాలకి. అంటే 850 కిలోలు. 650కి 850... కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. కాకపోతే ఆ 850 టైరు మీద రాసిన గరిష్ఠ గాలి ఉన్నప్పుడే. గాలి తగ్గించిన కొద్దీ మోసే శక్తీ తగ్గుతుంది. మెత్తగా పోతుందని గాలి తగ్గిస్తే 'సి' టైరు కొన్నదంతా దండగ.

ఎందుకింత పట్టింపు అంటే, అంతా వేడి దగ్గరికొస్తుంది. ఈ టైరు వంద కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 800 సార్లకి పైగా తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ పక్క గోడ ఒకసారి నలుగుతుంది. బరువెక్కువైనా, గాలి తక్కువైనా ఎక్కువ నలుగుతుంది, వేడెక్కుతుంది. లోపల ఉక్కు పొరల మధ్య అతుకు బలహీనపడి, ఒక దశలో పై రబ్బరు చీరిపోయి ఊడొస్తుంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి తీసుకుంది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకి వేసినవే. ఆ టైర్లతో ముడిపడ్డ మరణాలు 271 అని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ తేల్చింది. తప్పు బండిదని ఒకరు, టైరుదని ఇంకొకరు కొట్టుకున్నారు. ఫోర్డ్ చెప్పిన గాలి 26 పీఎస్ఐ మాత్రమే కావడం కూడా ఆ గొడవలో పెద్ద అంశమైంది. ఆ ఏడాదే వచ్చిన చట్టం వల్లే తర్వాత అమెరికాలో కొత్త కార్లన్నిటికీ గాలి తగ్గితే వెలిగే దీపం తప్పనిసరి అయింది. 1987 వ్యానుకి ఆ దీపం లేదు. పొద్దున్నే గేజితో కొలుచుకోవడమే.

మరి అలాయ్ చక్రాల మాటేమిటి? వాడి కోరిక మరీ అన్యాయమైనదేం కాదు. వానగన్ చక్రానికీ, చాలా మెర్సిడెస్ కార్లకీ బోల్టుల అమరిక ఒకటే, అయిదు బోల్టులు, 112 మిల్లీమీటర్లు. అందుకే చాలామంది పాత మెర్సిడెస్ చక్రాలు వేస్తారు. పైగా 14 అంగుళాల్లో 'సి' టైర్లు ఇప్పుడు కొన్ని రకాలే దొరుకుతున్నాయి, 16లో బోలెడు. కానీ బోల్టు కన్నాలు కలిసినంత మాత్రాన చక్రం సరిపోయినట్టు కాదు. మధ్య రంధ్రం హబ్బుకి సరిగ్గా కూర్చోవాలి. ఆఫ్‌సెట్ మారి చక్రం బయటికి జరిగితే బేరింగు మీద భారం పెరుగుతుంది. బోల్టు కూర్చునే గుంట కొన్నిటికి గుండ్రంగా, కొన్నిటికి శంకువులా ఉంటుంది. ఒకదానికి ఇంకోటి వాడితే బిగిసినట్టే ఉండి వదులైపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, చక్రం కూడా ఎంత మోయగలదో దానికో పరిమితి ఉంటుంది. టైరు 1,030 కిలోలు మోస్తుంది, కింద రిమ్ము కారు కోసం చేసినది... అప్పుడు గొలుసు ఏ కొక్కెం దగ్గర తెగుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకోటి, ఎత్తు. పాత టైరు వ్యాసం దాదాపు 650 మిల్లీమీటర్లు. 215/65ఆర్16 వేస్తే 686. అయిదున్నర శాతం పెద్దది. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి 63 మీద పోతుంటుంది. అది సర్దుకోవచ్చు. కానీ గేరు బరువెక్కినట్టవుతుంది, ఉన్నదేమో 90 పైచిలుకు గుర్రాలు. ఎక్కుడు రోడ్డులో వెనకొచ్చే ట్రక్కువాడి హారన్లు వింటూ పోవాల్సిందే.

చివరికి పాత ఉక్కు చక్రాలే ఉంచి, 185ఆర్14 'సి' టైర్లు అయిదు కొన్నాం. అయిదోది స్టెప్నీకి. ఈ వ్యానులో అది ముందు భాగం కింద పళ్ళెంలో దాక్కుని ఉంటుంది, ఎవరూ తీసి చూడరు. మాది తీస్తే మిగతా నాలుగింటికన్నా పాతది. రూమ్మేటుగాడి బాధ తీర్చడానికి రిమ్ములకి వెండి రంగు వేయించాం. గతుకుల్లో కాస్త ఎగరేస్తోంది, ఒప్పుకుంటాను. నాన్నకి నడుం పట్టేస్తే ఒక దిండు వేస్తాను. టైరు పేలితే వేయడానికి నా దగ్గర ఏ దిండూ లేదు.

ఇదంతా అమెరికా ముచ్చటనుకోకండి. హైదరాబాద్‌లో వారమంతా ఒక్కడితో ఆఫీసుకెళ్ళే బండిలోనే మే నెల ఎండలో ఏడుగుర్ని ఎక్కించి, పైన కారియర్ కట్టి తిరుపతి బయల్దేరతాం. ఇంజనాయిలు చూపిస్తాం, ఏసీ గ్యాసు చూపిస్తాం, ముందు టైరు కింద నిమ్మకాయ కూడా పెడతాం. ఆ నిమ్మకాయ పెట్టడానికి వంగినప్పుడే టైరు మీద నంబర్లు కూడా చదివితే పోయేదేముంది? నిండు లోడుకి గాలెంత ఉండాలో చాలా కార్లకి డ్రైవరు తలుపు దగ్గరే అంటించి ఉంటుంది.

ఇంతకీ మీ బండి టైర్లు ఏ సంవత్సరంలో పుట్టాయో మీకు తెలుసా? ఓసారి కిందికెళ్ళి చూసొచ్చి చెప్పండి. స్టెప్నీతో సహా.