ఎనిమిదో రోజు రానివ్వకండి

ఎవరింటికి పోయినా నా కళ్ళు ముందు నీళ్ళ మీదికే పోతాయి. వాళ్ళు కూచోమంటారు, చాయ్ తాగమంటారు. నేను డ్రమ్ము మూత తీసి ఫోన్ టార్చ్ వేస్తాను. వెలుగు పడగానే పైన వేలాడుతున్న దోమ లార్వాలు మెలికలు తిరుగుతూ అడుక్కి దిగుతాయి. అవి కనబడ్డాయంటే ఆ డ్రమ్మును సరిగా రుద్ది కడిగి కొన్ని రోజులైందన్నమాట. ఇంటావిడ ఇల్లు ఎప్పుడు కడిగిందో, పండక్కి ఎప్పుడు దులిపిందో నేను అడగక్కర్లేదు.

జహీరాబాద్‌లో ఆశా కార్యకర్తగా నా పనులు చాలానే ఉన్నాయి. గర్భిణుల పేర్లు రాసుకోవడం, పసిపిల్లలకు టీకాలు గుర్తు చేయడం, టీబీ ఉన్నవాళ్ళు మందు మానేయకుండా చూడడం, బీపీ, షుగరు పరీక్షలకు జనాన్ని కూడగట్టడం ఏడాది పొడుగునా సాగుతాయి. తొలకరి పడ్డ దగ్గర్నుంచి చలి ముదిరేదాకా మాత్రం వీటన్నిటికంటే ముందు నీళ్ళ సంగతి వస్తుంది. మాది ముంబై రోడ్డు మీది ఊరు. ఒక గల్లీలో నన్ను అక్కా అంటారు, పక్క గల్లీలో ఆపా అంటారు, బీదర్ వైపు నుంచి కోడలై వచ్చినామె తెలుగులో కన్నడం కలిపి మాట్లాడుతుంది. ఏ భాషలో చెప్పినా నేను అడిగేది ఒకటే: వారానికి ఒక్కసారి, ఇంట్లో నీళ్ళు నిలిచే ప్రతి చోటూ ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టండి.

వారమే ఎందుకని చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్లు నీళ్ళలో వేయదు, నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అంటిస్తుంది. నీళ్ళు పోసినప్పుడు ఆ మట్టం గుడ్లదాకా ఎక్కితే అవి పగులుతాయి. లార్వా నాలుగు దశలు దాటి ప్యూపా అవుతుంది, ప్యూపా రెండు రోజుల్లో దోమై లేస్తుంది. మన వానాకాలపు వేడిలో ఈ పనంతా ఏడు నుంచి పది రోజుల్లో అయిపోతుంది. ఏడో రోజులోపల మనం చేయి పెడితే ఎన్ని గుడ్లున్నా ఒక్క దోమ ఎగరదు. ఎనిమిదో రోజుకు వదిలేస్తే ఎగిరిన దోమ వెనకాల పరిగెత్తాలి.

ఇంకో సంగతి నేను ప్రతి ఇంట్లో విడిగా చెప్తాను. గోడకు అంటిన గుడ్డు ఎండిపోయి కూడా నెలల తరబడి బతికే ఉంటుంది. అందుకే నీళ్ళు ఒంపేస్తే పని పూర్తికాదు. కొబ్బరి పీచుతోనో, స్టీలు జాలీతోనో లోపలి గోడను, ముఖ్యంగా నీటి గీత పడ్డ చోటును గట్టిగా రుద్దాలి. ఎండాకాలంలో వాడి, వానలకు మూల పెట్టిన కూలర్‌ను అట్లాగే ఉంచి, మళ్ళీ వేసవిలో నీళ్ళు పోస్తే నిరుటి గుడ్లే పగలొచ్చు. మందు కొట్టించుకున్నాం కదా అంటారు కొందరు. లార్వా మందు తిండి తినే లార్వాను చంపుతుంది. ప్యూపా ఏమీ తినదు, దాని మీద ఆ మందు సరిగా పనిచేయదు. పొగ మందు ఎగిరే దోమను కొడుతుంది, నీళ్ళలో ఉన్నదాన్ని ముట్టుకోదు.

"మా ఇల్లు అద్దంలా ఉంటది, మా ఇంట్ల దోమలెక్కడియి?" అన్న ఇళ్ళలోనే నాకు ఎక్కువ దొరుకుతాయి. ఈ దోమకు మురికి కాలువతో పనిలేదు, దానికి మన మంచి నీళ్ళే కావాలి. ఫ్రిజ్ వెనకాల మంచు కరిగి చేరే పళ్ళెం, మనీప్లాంట్ పెట్టిన సీసా, పూలకుండీ కింది సాసరు, డాబా మీద సగం పగిలిన గోలెం, సంపు మూత మీది గుంట, పిట్టలకని ప్రేమగా పెట్టిన మట్టి మూకుడు. ఆ మూకుడు తీసేయమని నేను ఎన్నడూ చెప్పలేదు, రోజూ నీళ్ళు మార్చమంటాను, అంతే. రోడ్డు పక్క పంక్చర్ దుకాణాల దగ్గర పాత టైర్లు ఉంటాయి. టైరు లోపలి వాన నీళ్ళు ఎండ తగలక రోజుల తరబడి నిలుస్తాయి. వాన పడని చోట పేర్చుకోమని, లేకుంటే అడుగున బొక్క పెట్టమని దుకాణాయనకు చెప్తాను.

కష్టమంతా తీరికలేని ఇళ్ళతోనే. భర్త ట్రాక్టర్ ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోతాడు, భార్య టీచరు, పొద్దున ఏడింటికే సంగారెడ్డి బస్సెక్కుతుంది. పిల్లలు ట్యూషన్ నుంచి చీకటిపడ్డాక వస్తారు. వాళ్ళది బద్ధకం కాదు. వారంలో వాళ్ళకు దొరికేదే ఒక పూట. ఆ పూటలో ఉతుకుడు, సామాన్లు తెచ్చుడు, ఇడ్లీ పిండి, పిల్లల నోటు పుస్తకాలు అన్నీ పడతాయి. అట్లాంటింటికి నేను పొడుగాటి చిట్టా పట్టుకుపోతే తలుపు దగ్గరే తల ఊపి పంపించేస్తారు.

అందుకు దారి నాకు 2020లో కనబడింది. ఆ ఏడాది మే 10, ఆదివారం నాడు అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ తన ఇంట్లో పూలకుండీల నీళ్ళు ఒంపి "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అనే కార్యక్రమం మొదలుపెట్టారు. పది వారాలు చేయమన్నారు. లాక్‌డౌన్ రోజులు, అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. నేను తిరిగే గల్లీల్లో మొదటిసారి మగవాళ్ళు డాబా ఎక్కి ట్యాంకు మూత తీసి చూడడం చూశాను. కొందరు తమ ఇంటి మీద ఏముందో అప్పుడే చూశారు. పనులు తెరుచుకున్నాక ఆ పది నిమిషాలు మెల్లగా మళ్ళీ ఆడవాళ్ళ నెత్తి మీదికే వచ్చాయి. అయినా పది నిమిషాలన్న కొలత నా దగ్గర మిగిలింది. మూడు గదుల ఇంటికి నిజంగానే అంత చాలు, ఎవరేం చేయాలో ముందే తెలిసి ఉంటే.

కాబట్టి నేనిప్పుడు ఇంట్లో వాళ్ళందరినీ కూచోబెట్టి పాత్రలు పంచుతాను. ఓవర్‌హెడ్ ట్యాంకు, దాని గొట్టానికి కట్టిన జాలీ నాన్నవి. కూలరు, సంపు పెద్దకొడుకువి. ఫ్రిజ్ పళ్ళెం, మొక్కల సాసర్లు చిన్నపిల్లవి. స్నానాల గదిలో డ్రమ్ము అమ్మది. తాతకు చేతనైతే వాకిట్లో పడున్న చిప్పలు, కప్పులు, గ్లాసులు ఏరి బోర్లించడం. పై నుంచి కిందికి రావాలి, లేకుంటే పైన ఒంపిన నీళ్ళు కింద మళ్ళీ నిలుస్తాయి. ఎవరి పాత్రకు వాళ్ళే జవాబు. అందరిదీ అన్న పని మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ నిలబడగా నేను చూడలేదు.

ఈ పంపకం మీద నేనింత పట్టు పట్టడానికి కారణముంది. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. నేను ఇంటింటికీ తిరిగి చెప్పే మాట ఆ 289కి ఇంకో పది కలిపేదైతే నాకు చెప్పబుద్ధి కాదు. డ్రమ్ము చూపించండి అంటే లోపలికి చూసి భార్యను పిలిచే మగాయనతో "నువ్వే రా అన్నా, మూత నువ్వే తియ్యి" అంటాను. చాలామంది నవ్వుతూ వస్తారు. ఒకసారి టార్చ్ వెలుగులో ఆ పురుగులను కళ్ళారా చూసిన మనిషికి మళ్ళీ చెప్పే అవసరం తక్కువ పడుతుంది. పిల్లలకైతే గాజు సీసాలో పట్టి చూపిస్తాను. దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే అని చెప్తే వాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. ఆ దోమ వేరు, ఈ డ్రమ్ము దోమ వేరు అని కూడా చెప్తాను.

ఏ రోజు చేయాలన్నది వాళ్ళిష్టం. మా శాఖ శుక్రవారాన్ని డ్రై డే అంటుంది, మా ఊరికది బాగా కుదిరింది. హిందువుల ఇళ్ళలో శుక్రవారం గడప కడిగి పసుపు పూస్తారు, ముస్లింల ఇళ్ళలో జుమ్మా అని పొద్దున్నే ఇల్లు సర్దుకుంటారు. "ఆపా, హౌజ్ ఖాళీ కియే క్యా?" అంటే ఆ రోజు "కర్తే, కర్తే" అని చీపురు చేతిలోనే ఉన్నామె జవాబిస్తుంది. ఉద్యోగాలకు పోయేవాళ్ళకు ఆదివారం సుఖం. రోజు ఏదైనా మారొద్దు. ఈ వారం శుక్రవారం, వచ్చే వారం ఆదివారం అంటే నడుమ తొమ్మిది రోజులు పడతాయి, ఆ తొమ్మిదిలో దోమ లేస్తుంది.

నీళ్ళు పారబోయమనే మాట మా దిక్కు తేలిగ్గా గొంతు దిగదు. పస్తాపూర్ వైపు పల్లె నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ఒక అవ్వ నన్ను నిలబెట్టి అడిగింది: "బిడ్డా, నీళ్ళు పారవోయమని జెప్తున్నవా? మేం వానకే పండే చేన్ల బతికినోళ్ళం." అక్కడ 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు బోరు నీళ్ళు లేకుండానే జొన్న, కొర్ర, కంది కలిపి పండిస్తున్నారు. ఆమె కోపం న్యాయమైనదే. ఆమే తర్వాత దారి చూపించింది. నల్లా వచ్చే ముందు రోజు డ్రమ్ములో ఎట్లాగూ నీళ్ళు అడుగంటుతాయి. ఆ మిగిలిన బకెట్టుతో ఇల్లు తుడిచి, తుడిచిన నీళ్ళు కల్యామాకు చెట్టుకు పోసి, ఖాళీ డ్రమ్మును రుద్ది ఎండలో బోర్లించింది. తెల్లారి కొత్త నీళ్ళు పట్టింది. ఒక్క చెంబు వృథా కాలేదు. ఇప్పుడు ఆ పద్ధతే అందరికీ చెప్తున్నాను: మీ నల్లా రోజు ఏదో చూసుకుని దాని ముందటి రోజును మీ వారంగా పెట్టుకోండి.

ఇంత చేసినా జ్వరాలు వస్తాయి. పక్క ఖాళీ ప్లాటులో కొబ్బరి బొండాలుంటే మన ఇంట్లో రుద్దింది సగమే పనిచేస్తుంది, ఏడిస్ వంద రెండొందల మీటర్లు సులువుగా ఎగురుతుంది. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పి బిళ్ళా వేసుకోవద్దని, ఏరియా ఆసుపత్రికి పోయి రక్తపరీక్ష చేయించుకోమని బతిమాలుతాను. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే రోజునే ఎక్కువ జాగ్రత్త కావాలి. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగతగా ఉండడం కనబడితే ఇంట్లో ఆకుల రసాలు తాగిస్తూ ఆగకూడదు.

నన్ను ఎక్కువ కంగారు పెట్టేది బతుకమ్మ సెలవులు. డెంగీ జోరుగా ఉండే రోజులవే, పండుగే తొమ్మిది రోజులు. అమ్మగారింటికి పోయి దసరా దాకా ఉండి వచ్చేసరికి తాళం వేసిన ఇంట్లో కూలరూ, డ్రమ్మూ ఒక దోమల తరాన్ని లేపి ఉంటాయి. అందుకే ఎంగిలిపూల బతుకమ్మకు వారం ముందు నుంచే గడప గడపకూ పోయి చెప్తాను. కూలర్ నీళ్ళు తీసేసి తుడవండి. బకెట్లన్నీ బోర్లించండి. కమోడ్ మూత వేయండి. ఫ్రిజ్ ఆపి పోతే వెనక పళ్ళెం తీసి ఆరబెట్టండి. డాబా తలుపు తాళం చెవి పక్కింట్లో ఇచ్చి పోండి, వారం తిరిగేలోపల వాళ్ళొకసారి ఎక్కి చూస్తారు.