శనివారం ర్యాంకులు

శనివారాలు నేను ఒంటిపూట ఉంటాను కాబట్టి వంట గొడవ తక్కువ. ఆగస్టు చివర నుంచి జనవరి దాకా ఆ మిగిలిన టైమంతా ఫుట్‌బాల్‌కి పోతుంది. నవ్వకండి. కొలంబస్‌లో ఉంటూ ఒహాయో స్టేట్ మ్యాచ్ చూడకపోవడమంటే సంక్రాంతికి గోదావరి జిల్లాకు వెళ్లి కోడిపందేల మాట ఎత్తకపోవడమే. స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు. ఇక్కడ మనవాళ్లు గృహప్రవేశానికి ముహూర్తంతోపాటు ఆ రోజు మ్యాచ్ ఉందో లేదో కూడా చూసుకుంటారు, లేకపోతే అతిథులు ట్రాఫిక్‌లోనే ఉండిపోతారు.

ఈ పిచ్చి నాకు అంటించింది మావాడు. మిషిగన్‌తో మ్యాచ్ జరిగే వారం ఇక్కడ యూనివర్సిటీలో బోర్డుల మీద కనిపించిన ప్రతి 'ఎం' అక్షరానికీ ఎర్ర టేపుతో ఇంటూ కొట్టేస్తారు. రెండో క్లాసులో ఉండగా ఒకరోజు వాడు ఇంగ్లీషులో 'అమ్మ' అని రాసి, మధ్యలో రెండు ఎంలూ కొట్టేసి ఫ్రిజ్ మీద అంటించాడు. నాకు మిగిలింది రెండు 'ఏ'లు! సంగతేమిటో తెలుసుకుందామని ఆ శనివారం పక్కన కూర్చున్నాను. ఇప్పటిదాకా లేవలేదు.

ఇన్నేళ్లు చూశాక నాకూ అభిప్రాయాలు ఏర్పడ్డాయి. మొదటిది, సీజన్ మొదలవకముందే ఇచ్చే ర్యాంకులంత దండగమారి పని ఇంకోటి లేదు. 60 మందికి పైగా విలేఖరులు ఓట్లేసి 25 టీముల జాబితా తీస్తారు. ఒక్క మ్యాచ్ కూడా అవలేదు కదా, దేన్ని చూసి వేశారు? పొయ్యి వెలిగించకముందే కూరలో ఉప్పు సరిపోయిందనడం కాదూ! 2024లో ఫ్లోరిడా స్టేట్‌కి 10వ ర్యాంకు ఇచ్చారు. వాళ్ల మొదటి మ్యాచ్ ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో పెట్టారు. (మేముండేది కూడా డబ్లినే, ఒహాయోలోది. మా అత్తగారు ఆ వార్త చూసి మీ ఇంటి దగ్గరేనా అని అడిగారు.) అక్కడ ఓడారు. ఆ సీజన్ మొత్తం 12 మ్యాచ్‌లలో గెలిచింది రెండు.

రెండోది, హైస్కూలు పిల్లలకిచ్చే స్టార్లు. పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లకి సినిమా రివ్యూల్లో లాగా రెండు స్టార్లు, అయిదు స్టార్లు వేస్తారు. సంతకాల రోజున కుర్రాడు రకరకాల కాలేజీల టోపీలు బల్ల మీద పెట్టుకుని కూర్చుంటాడు. కెమెరాలన్నీ తిరిగి ఉంటాయి. అందులోంచి ఒకటి తీసి పెట్టుకోవాలి. పక్కన కూర్చున్న తల్లి మొహం చూస్తాను నేను. ఎంత నవ్వినా ఆ గుబులు నాకు తెలుస్తుంది.

స్టార్లన్నీ అబద్ధమని అనను. మా టీములోకి ఫ్లోరిడా నుంచి వచ్చిన జెరెమయా స్మిత్ 2024 బ్యాచ్‌లో దేశం మొత్తానికి నంబర్ వన్ అన్నారు. వచ్చిన మొదటి సంవత్సరమే 1,315 గజాలు, 15 టచ్‌డౌన్లు. ఆ కుర్రాడు ఒంటిచేత్తో బంతి పట్టడం చూస్తే దిష్టి తియ్యాలనిపిస్తుంది. కానీ స్టెట్సన్ బెనెట్ సంగతో? స్కాలర్‌షిప్ లేకుండా జార్జియా టీములో చేరాడు. ఆ కుర్రాడే వాళ్లకి వరసగా రెండు ఛాంపియన్‌షిప్‌లు తెచ్చిపెట్టాడు.

ర్యాంకుల మీద ఈవిడకెందుకింత కోపం అనుకుంటున్నారేమో. విజయవాడలో ఇంటర్ చదివినదాన్ని. టీవీలో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని అరిచే ప్రకటనల మధ్య పెరిగినదాన్ని. నాకు ఎంసెట్‌లో అయిదంకెల ర్యాంకు వచ్చింది. నాన్నగారు తిట్టలేదు, కొట్టలేదు. మూడు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి పెరుగన్నం కలుపుతూ, "బీఎస్సీ ఫారం తెచ్చాను" అన్నారు. అంతే. మావారిది నాలుగంకెల ర్యాంకు. పాతికేళ్లయినా ఎవరైనా కొత్తవాళ్లు ఇంటికొస్తే రెండో కాఫీలోపు ఆ అంకె బయటికొస్తుంది.

2024లో మావాడు పన్నెండో క్లాసు. మావారు లాప్‌టాప్‌లో ఒక షీటు తయారుచేశారు, కాలేజీలు ర్యాంకుల వరసలో, ఇరవై లోపువి పచ్చరంగులో. వాడికి ముందుగా అప్లై చేయించింది ఆ పచ్చరంగులోదే. అప్పటినుంచి ఆ ఇద్దరి మధ్యా మాటలంటే గడువు తేదీలే.

నవంబర్ 30న మిషిగన్ మ్యాచ్. వాళ్లకి అప్పటికి ర్యాంకే లేదు, మనం రెండో ర్యాంకు, పైగా మన ఊళ్లోనే. 13-10తో ఓడిపోయాం. వరసగా నాలుగో ఏడు! చివర్లో జెండా పాతబోతే కొట్లాట, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టడం. ఊరు ఊరంతా కోచ్ ర్యాన్ డేని తీసెయ్యమంది. మావాడు పెసరట్టు సగంలో వదిలేసి మేడ మీదికి వెళ్లిపోయాడు.

డిసెంబర్ మధ్యలో ఆ కాలేజీ నుంచి కబురొచ్చింది. రాలేదు. నేను గది తలుపు తట్టేసరికి వాడు లైటు తీసేసి పడుకున్నాడు. మావారు కింద సోఫాలో షీటు తెరుచుకుని కూర్చున్నారు. ఒకరోజు, రెండు రోజులు. మూడో రోజు రాత్రి గిన్నెలు కడుగుతుంటే నాకు వెన్నులోంచి చలి పుట్టింది. ఈ ఇంట్లో మౌనం నాకు ఎప్పుడో తెలిసినదే. "ఏవండీ, వాడితో ఏదో ఒకటి మాట్లాడండి. తిట్టినా సరే" అన్నాను. ఆయన "ఏం మాట్లాడను?" అన్నారు. నిజంగానే తెలియక అడిగారు.

21వ తేదీ శనివారం రాత్రి ప్లేఆఫ్‌లో టెనెసీతో మ్యాచ్. ఆ ఏడే మొదటిసారి పన్నెండు టీములతో ప్లేఆఫ్ పెట్టారు కాబట్టి అంత పరువు పోయాక కూడా మాకు చోటు దక్కింది. మావాడు కిందికొచ్చి కూర్చున్నాడు. నేను ఆగలేక, "చూశావా, అలా ఓడినవాళ్లకి కూడా ఇంకో..." అని మొదలుపెట్టానో లేదో, "అమ్మా, ప్లీజ్, దాన్ని నా కాలేజీకి ముడిపెట్టకు" అన్నాడు. నోరు మూసుకుని, బెల్లం వేసి చేసిన పల్లీ ఉండల్ని చాక్లెట్‌లో ముంచుకుంటూ కూర్చున్నా. ఇక్కడి బకాయ్ మిఠాయికి నా రూపాంతరం అది.

మావారు క్రికెట్ మనిషి. ఆ రాత్రి మాత్రం వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నారు. కాసేపటికి, "మన ర్యాంకు ఆరు అన్నారుగా, ఇక్కడ ఎనిమిది అని వేశారేంటి?" అన్నారు. వాడు జవాబు చెప్పలేదు. నేనే అందుకున్నా. "ఎంసెట్‌లో ర్యాంకు వేరు, కౌన్సిలింగ్‌లో వచ్చే సీటు వేరు కదండీ, అలాగ." వాడు కిసుక్కుమన్నాడు. తర్వాత వాడే చెప్పడం మొదలుపెట్టాడు. కాన్ఫరెన్స్ గెలిచినవాళ్లకి మొదటి నాలుగు స్థానాలని, అందుకే పన్నెండో ర్యాంకు అరిజోనా స్టేట్ నాలుగో స్థానంలో కూర్చుందని. "అన్యాయం కదరా!" అన్నారు ఈయన, ఏదో మన ఆస్తి పోయినట్టు. క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్ కాన్సస్ స్టేట్ నుంచి వచ్చాడంటే, "హెచ్1బి ట్రాన్స్‌ఫరా?" అన్నారు. టీము మొత్తం మీద దాదాపు రెండు కోట్ల డాలర్లు పెట్టారని కాలేజీవాళ్లే చెప్పారంటే కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. 42-17తో గెలిచాం. పన్నెండు దాటినా ఇద్దరూ లేవలేదు. నేను వంటింట్లోకి వెళ్లి, పని లేకపోయినా అక్కడే నిలబడ్డా.

తర్వాత ఒరెగాన్, టెక్సస్, జనవరి 20న ఫైనల్లో నోటర్‌డామ్. చివర్లో మూడో డౌన్, పదకొండు గజాలు కావాలి. జెరెమయాకి పొడుగ్గా విసిరితే 56 గజాలు! ఈయన లేచి సెంటర్ టేబుల్ మీది టీ ఒలకబోశారు. 34-23.

మావాడు చివరికి రెండు గంటల దూరంలో ఉన్న కాలేజీలో చేరాడు. అది ఆయన షీటులో ఏ రంగులోనూ లేదు. 2025 ఆగస్టు 30న ఆ ఏడు మొదటి మ్యాచ్, టెక్సస్‌తో. సీజన్‌కి ముందు వాళ్లకిచ్చిన ర్యాంకు ఒకటి. 14-7తో మేమే గెలిచాం. చెప్పానుగా ఆ ర్యాంకుల సంగతి! విజిల్ పడగానే ఈయన ఫోన్ తీసుకుని వాడికి చేసి, కొత్త క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్ బాగానే ఉన్నాడా లేదా అని మొదలుపెట్టారు. నలభై నిమిషాలు. నేను పక్కన నిలబడి, "అన్నం తిన్నాడేమో అడగండి" అంటూనే ఉన్నా. చెయ్యి అడ్డం పెట్టి, "ఉండవే, డిఫెన్స్ గురించి చెబుతున్నాడు" అన్నారు.