బండి వెనుక దీపములు

ముందు నడచువారు తాము ఆగుటయో, ప్రక్కకు తిరుగుటయో వెనుక వచ్చువారికి తెలియజేయుట మర్యాద. నిండుబిందెతో నడచు ఇల్లాలు ఆగదలచినపుడు వెనుకనున్న యామెకు ఒక మాట చెప్పి యాగును. మోటారుబండికి నోరు లేదు. దాని మాటలన్నియు వెనుకదీపములే. ఎఱ్ఱదీపము ప్రకాశించినచో "ఆగుచున్నాను" అనియు, నారింజవన్నె దీపము మినుకుమినుకుమన్నచో "ఈ ప్రక్కకు తిరుగుచున్నాను" అనియు అర్థము. ఈ రెండు మాటలును నేటి క్రొత్తబండ్లలో నానాటికి అస్పష్టము లగుచున్నవని మా మొఱ.

మోటారుల సంగతి ఆడువారి కేల యని కొందఱనవచ్చును. మేము నివసించు సత్యవేడు సీమ 2022వ సంవత్సరము వఱకు చిత్తూరు జిల్లాలోనిది. ఇప్పుడు తిరుపతి జిల్లాలోనిది. ఇచ్చట శ్రీసిటీ వెలసిన పిదప పొలముల నడుమ కర్మాగారములు లేచినవి. 2016లో ఇసుజు వారి మోటారు కర్మాగారము తెఱవబడినది. సమీపమున మాదనపాళెము వద్ద హీరో వారు ద్విచక్రవాహనములను చేయుచున్నారు. వేకువనే గ్రామముల యాడుబిడ్డలు రోడ్డు ప్రక్కన నిలిచి, కర్మాగారపు బస్సుల కొఱకు వేచియుందురు. తడ వద్ద చెన్నై కలకత్తా రాజమార్గముపై లారీలు రేయింబవళ్లు పరుగిడుచుండును. ఆ బిడ్డలు సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరుట యొక్కొక్కప్పుడు ఒక చిన్నదీపముపై నాధారపడియున్నది. ఇక నది మన సంగతి కాకపోవుట యెట్లు?

మా తండ్రిగారు ఇంటియొద్దనే మాకు అలంకారశాస్త్రము చెప్పుచు, కావ్యదోషములను వరుసగా వల్లెవేయించిరి. ఆ దోషములే యిప్పుడు మాకు రోడ్డుమీద కనబడుచున్నవి.

మొదటిది అస్థానస్థపదము, అనగా మాట యుండవలసిన చోట లేకుండుట. కొన్ని క్రొత్తకార్లలో కంటికెదురుగా నుండు పెద్దదీపమును కేవలము అలంకారమునకు విడిచి, తిరుగుట తెలుపు ఇండికేటరును క్రింద బంపరులో నిమిడ్చినారు. గడచిన కార్తికమాసమున ఒకనాటి మునిమాపువేళ వరదయ్యపాళెము నుండి మావారి వెనుక స్కూటరుపై వచ్చుచుంటిమి. ముందొక కారు, దానికిని మాకును నడుమ నొక మోటారుసైకిలు. కారు క్రిందిదీపము ఆ మోటారుసైకిలు చాటున పడి మాకు గోచరింపలేదు. కారు ఎడమకు తిరుగుటకై మెల్లగిలినది; నడుమనున్నవాడు చటుక్కున తప్పుకొనెను; మావారు బ్రేకు నొక్కిరి. సంచిలోని వంకాయలు రోడ్డుపాలైనవి. దైవకృపచే మాకు దెబ్బ తగులలేదు. "ఆ కారు చెప్పవలసినది చెప్పినది. చెప్పినచోటే సరియైనది కాదు" అని మావారు నిదానముగా ననిరి. బడిపిల్లలతో మెలగువారి యోర్పు మాకెక్కడిది? వంకాయలేరుకొనుచునే ఈ వ్యాసము వ్రాయ నిశ్చయించితిమి.

రెండవది క్లిష్టత. రాత్రి వెలుగు తోకదీపమును, ఆగునపుడు వెలుగు బ్రేకుదీపమును రెండును ఎఱ్ఱనివే. కాంతిలో హెచ్చుతగ్గులే వాని భేదము. ఇప్పుడు బండి వెనుకభాగమంతయు గంగజాతర తోరణము వలె ఎఱ్ఱగా వెలుగుచుండగా, ఆ వెలుగు రవంత హెచ్చినదో లేదో పోల్చుకొనుట యెట్లు? ఇది ఎల్ఇడి దీపముల నేరము కాదు. పాత బల్బులోని తీగె కాగి పూర్తిగా వెలుగుటకు సెకండులో అయిదవవంతు పట్టును; ఎల్ఇడి తత్‌క్షణమే వెలుగును. గంటకు 90 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఆ యయిదవవంతు సెకండులో 5 మీటర్లు సాగును. ఒక ప్రాణము నిలుచుటకు 5 మీటర్లు చాలును. అమెరికాలో 1986వ సంవత్సరపు నమూనా కార్లనుండి నడుమ నెత్తున మూడవ బ్రేకుదీపమును నిర్బంధము గావించిరి. అది తోకదీపముతో కలియదు, కావుననే స్పష్టము.

మూడవది సందిగ్ధత. మన లారీలవారు కుడి ఇండికేటరు వేసినచో "నేను కుడికి తిరుగుచున్నాను" అనియు కావచ్చును, "నన్ను దాటి పొమ్ము" అనియు కావచ్చును. ఒకటి హెచ్చరిక, రెండవది ఆహ్వానము. హెచ్చరికను ఆహ్వానమని యెంచినవాని గతి చెప్పనక్కఱలేదు. మన 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు ఇండికేటరు నారింజవన్నెగా నుండవలెననియు, నిమిషమునకు 60కి తక్కువగాక 120కి మించక మినుకవలెననియు విధించినవి. అమెరికాలో వెనుక ఇండికేటరు ఎఱ్ఱగా నుండుటకును సమ్మతి కలదు. ఆ చిక్కు మనకు లేదు. అయినను రంగును, వేగమును చట్టము నిర్ణయింపగలదు గాని, ఒక మాటకు రెండర్థములు కల్పించు వాడుకను మనుజులే మానవలెను.

1939లో బ్యూక్ కార్లకు వెనుక మినుకుదీపములు రాకపూర్వము, పెక్కుమంది చేయి చాచియే దిక్కు తెలిపెడివారు. చేయి మొరటుదే, కాని దానిని చూచి తోరణమని భ్రమపడినవారు లేరు.

ఇందు మన పాలిటి కర్తవ్యము కొంత కలదు. చీర చక్రమున చిక్కుకొనకుండ ద్విచక్రవాహనమునకు అడ్డు ఉండవలెనని చట్టమే చెప్పినది. పైట వ్రేలాడి వెనుకదీపమును కప్పకుండ చూచుకొనుట మాత్రము మనదే. కూరలసంచులు ఇండికేటరు నడ్డగింపరాదు. ఆయుధపూజనాడు బొట్టును దీపపు గాజుపై గాక చుట్టునున్న చట్రముపై నుంచుడు. పూలమాల వాడిన వెంటనే తీసివేయుడు. ప్రతిదినము దేవునియెదుటి దీపపుకుందిని తుడుచు చేతితోనే వారమున కొకసారి బండిదీపములను తుడిచిన చాలును.

క్రొత్తబండి కొనునపుడు రంగును, మెత్తలను చూచి యూరకుండకుడు. ఇరువది యడుగులు వెనుకకు నడచి నిలువుడు. లోపల నొకరిని కూర్చుండబెట్టి, బ్రేకును, ఇండికేటరులను వేయింపుడు. మిట్టమధ్యాహ్నపు టెండలో నొకసారి, చీకటి పడినపిమ్మట నొకసారి చూడుడు. అర్థము వెంటనే తెలియనిచో, అది యెంత యందమైన బండియైనను వలదనుడు. ఇల్లాండ్రు అంగడిలో నాలుగుమార్లు వలదన్నచో, అయిదవమారు చేయువారు దీపమును సరియైనచోట నుంచెదరని మా నమ్మకము.