లెక్కల పేపరు - నేను చేసే పద్ధతి



పదవ తరగతి పరీక్షలు దగ్గరికొస్తే మన హాస్టల్లో ఎవరి చేతిలో చూసినా లెక్కల మోడల్ పేపరే. "నేను ఎనిమిది పేపర్లు చేసిన", "నేను పది చేసిన" అని చెప్పుకుంటాం. కానీ ఎన్ని చేసినామన్నది అసలు సంగతి కాదు. ఎక్కడ ఆగిపోయినామో ఆ పేపరు మనకు చూపించిందా లేదా అన్నదే అసలు సంగతి అని నా అభిప్రాయం.

మా తండాలో ముగ్గురు పదవ తరగతితోనే ఆగిపోయారు. ముగ్గురినీ ఆపింది లెక్కల పరీక్షే. దాంతో "లెక్కలు మన తలకెక్కవు" అనే మాట తండాలో పాతుకుపోయింది. నేనది ఒప్పుకోను. మా యాడి ఒక్కరోజు కూడా బడికి పోలేదు. సంతలో మిరపకాయలు కిలో 160 రూపాయలైతే ముప్పావు కిలో ఎంత అని అడగండి. కిలోకు 160, అరకిలోకు 80, పావుకిలోకు 40, ఆ రెండూ కలిపితే 120 అని నోటితోనే చెప్తుంది. పెద్ద లెక్కను చిన్న ముక్కలు చేయడమంటే ఇదే కదా! తెలివికి కొదవ లేదు. కొదవల్లా సాధన చేసే పద్ధతికే.

మొదటి సంగతి భాష. మనలో చాలామందికి ఇంట్లో మాట్లాడే భాష లంబాడీ, కోయ, గోండి. తెలుగు బడికి వచ్చినాకనే బాగా పట్టుబడింది. "లబ్ధం", "వ్యత్యాసం", "కనీసం" అనే మాటల దగ్గరే లెక్క సగం పోతుంది. అందుకని నేను ప్రశ్నను ముందు మా భాషలో నాకు నేనే చెప్పుకుంటాను. ఏమిచ్చారు? ఏమడిగారు? ఈ రెండూ చెప్పగలిగితేనే పెన్ను పట్టుకుంటాను. ఇదేమీ కొత్త పని కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని సుమారు 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. మనవాళ్ళకు అర్థం కావాలంటే లెక్క మన మాటల్లోకి రావాలి.

రెండవది గడియారం. 2023 ఏప్రిల్‌లో జరిగిన పరీక్షలో గణితం ఒకే పేపరు. 80 మార్కులు, 3 గంటలు. పార్ట్-ఎ 60 మార్కులు, పార్ట్-బిలో బిట్లు 20. బిట్లకు అరగంట తీసేస్తే 60 మార్కులకు 150 నిమిషాలు మిగులుతాయి. అంటే మార్కుకు రెండున్నర నిమిషాలు. 2 మార్కుల లెక్కకు 5 నిమిషాలు, 4 మార్కులదానికి 10, 6 మార్కులదానికి 15. మోడల్ పేపరు చేసేటప్పుడు ఈ అంకెలను పక్కన రాసుకోవాలి. 15 నిమిషాలైనా తెగని లెక్కను అక్కడే వదిలి ముందుకు పోవాలి. మళ్ళీ వచ్చి చేయడానికి జాగా వదలాలి.

మూడవది దిద్దుకోవడం. తప్పయిన ప్రతి లెక్క పక్కన నేను ఒక అంకె వేస్తాను. ప్రశ్న అర్థం కాకపోతే 1, దారి తెలియకపోతే 2, దారి తెలిసి కూడికలోనో గుర్తులోనో పోతే 3. మూడు పేపర్లు అయినాక అంకెలు లెక్కబెడితే మన జబ్బు ఏమిటో తెలిసిపోతుంది. 1 ఎక్కువుంటే ప్రశ్నలు చదవడం సాధన చేయాలి. 2 ఎక్కువుంటే పాఠానికి తిరిగిపోవాలి. 3 ఎక్కువుంటే నిదానం కావాలి. ఇది చూసుకోకుండా వచ్చిన లెక్కలనే పదిసార్లు చేయడం, ఆరునెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మను కొట్టినట్టే.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యం. గైడులో జవాబు చూస్తే "ఓహో, ఇంతేనా" అనిపిస్తుంది. అర్థమైందనిపించడం వేరు, చేయగలగడం వేరు. అందుకే జవాబు చూసిన లెక్కను మరునాడు గైడు మూసేసి తెల్ల కాగితం మీద మొదటినుంచి చేయాలి. వారం తర్వాత మరొకసారి చేయాలి. అప్పుడుగానీ అది మన లెక్క కాదు.

ఒక ఉదాహరణ చెప్తాను. ఒక చేను పొడవు వెడల్పు కంటే 7 మీటర్లు ఎక్కువ. వైశాల్యం 120 చదరపు మీటర్లు. కొలతలెంత? వెడల్పు x అనుకుంటే x(x+7)=120. అంటే x²+7x-120=0. కారణాంకాలు (x+15), (x-8). x విలువ -15 గానీ 8 గానీ కావాలి. చేను వెడల్పు ఋణసంఖ్య కాదు కనుక 8. పొడవు 15. ఇక్కడితో పుస్తకం మూయొద్దు. 8ని 15తో గుణిస్తే 120 వచ్చిందా? వచ్చింది. ఇప్పుడు ప్రశ్నను మనమే మార్చాలి. ఈ మూల నుండి ఎదుటి మూలకు తాడు కడితే ఎంత పొడవు కావాలి? 64, 225 కలిపితే 289. దాని వర్గమూలం 17 మీటర్లు. ఒక్క లెక్కతో రెండు పాఠాలు అయిపోయాయి. జార్జ్ పోల్యా అనే గణిత పండితుడు 1945లో అచ్చయిన తన పుస్తకంలో ఇదే క్రమం చెప్పాడు: ప్రశ్నను అర్థం చేసుకో, దారి ఆలోచించు, చేయి, వెనక్కి తిరిగి చూడు. మనం ఎగ్గొట్టేది ఎప్పుడూ ఆ చివరిదే.

ఉప్పల్ నుండి మన నారపల్లి దాకా 6 కిలోమీటర్ల పైచిలుకు వంతెన పని 2018లో మొదలైంది. తర్వాత ఏళ్ళ తరబడి ఉత్త స్తంభాలే నిలబడ్డాయి. సగం కట్టిన వంతెన మీద బండి నడవదు. సగం చేసిన లెక్క మాత్రం కొంత నయం, దానికి స్టెప్పు మార్కులుంటాయి. కాబట్టి జవాబు రాకపోయినా ఇచ్చినవి, సూత్రం, మొదటి మెట్లు తప్పక రాయండి. ఖాళీ కాగితానికి ఏ సారూ మార్కులేయలేరు.

వార్డెన్ సార్‌కు ఒక మనవి. భోజనశాల దగ్గర ఒక నల్లబల్ల పెట్టించండి. ఆ రోజు ఎవరికి ఏ లెక్క రాలేదో వాళ్ళే దాని మీద రాస్తారు. తెలిసినవాళ్ళు పక్కన నిలబడి ఒక్క మెట్టు మాత్రం చెప్పాలి. మిగతాది రాసినవాళ్ళే చేయాలి. రాలేదని రాయడానికి ఎవరూ సిగ్గుపడొద్దు, చూసి ఎవరూ నవ్వొద్దు. ఈ ఏడాది మన గదుల్లోంచి ఒక్కరు కూడా లెక్కల వల్ల తండాకో గూడేనికో తిరిగిపోకూడదు.

- ఒక పదవ తరగతి విద్యార్థి